పట్టపగలు నన్ను వెలిగించారు

నేను ఒక మూడు సెల్లుల టార్చిలైటును. చీకటి పడితే తప్ప నాతో ఎవరికీ పని ఉండదు. పగలంతా గోడ మేకుకు వేలాడుతూ మనుషుల మాటలు వింటుంటాను. పని లేనివాళ్ళకు చెవులెక్కువ అంటారు, నా సంగతీ అంతే. ఇన్నేళ్ళలో నన్ను పగటిపూట వెలిగించింది రెండే రెండు సార్లు. ఆ రెండు పగళ్ళ గురించి చెప్పడానికే నోరు విప్పుతున్నాను.

నేను తయారైంది ఒక రేకుల షెడ్డులో. నా మూతికి అద్దం బిగించిన అమ్మాయి, నేను వెలుగుతున్నానో లేదో చూడటానికి నన్ను తన అరచేతికి ఆనించి మీట నొక్కింది. ఆమె చెయ్యి లోపలినుంచి ఎర్రగా వెలిగింది. నేను చూసిన మొదటి వస్తువు ఒక ఆడమనిషి చెయ్యి. అందుకేనేమో ఇప్పటికీ నేను ముఖాలకంటే చేతులనే బాగా గుర్తుపడతాను.

నన్ను భువనగిరి అంగడిలో కొన్నది మల్లమ్మ. రాయగూడెంలో మంత్రసాని. కరెంటు ఉండీ లేనట్టుండే ఆ ఊళ్ళో నాకు చేతినిండా పని. ఎవరింట్లో నొప్పులు మొదలైనా మల్లమ్మ చంకలో పాత బట్టల మూట, చేతిలో నేను. ఇంట్లో పెద్దదెవరో చూసి నన్ను ఆమె చేతికిచ్చి, ఎప్పుడూ ఒకే మాట చెప్పేది.

"లైటు పట్టెటోళ్ళు మొకం తిప్పుకోవద్దు. నొప్పులు పడే బిడ్డ మొకం చూసుకుంట మాట్లాడాలె. లైటు పట్టినోళ్ళకు పుణ్యంల సగం, యాదుంచుకో."

అక్కడ నేను నేర్చుకున్న చదువు ఇదీ: తలుపు దగ్గరికి వేస్తారు. వేడినీళ్ళు పెడతారు. ఆడవాళ్ళంతా ఒక మంచం చుట్టూ చేరతారు. పడుకున్నావిడ ఏడుస్తుంది, తిడుతుంది, మల్లమ్మ మెడ పట్టుకుని వేలాడుతుంది. మల్లమ్మ ఎవరి నోరూ మూయలేదు. "ఒర్లు బిడ్డా, ఎంత ఒర్లితె అంత మంచిది" అనేది. చివరికి ఒక చిన్న ఏడుపు వినిపిస్తుంది. అది వినగానే అందరూ నవ్వుతారు. ఒక ఏడుపు విని ఇంతమంది నవ్వడం మనుషుల్లో తప్ప ఇంకెక్కడా ఉండదేమో అనుకునేదాన్ని.

తర్వాత తర్వాత ఊళ్ళోకి అంబులెన్సు వచ్చింది. కాన్పులన్నీ దవాఖానకు పోయాయి. మల్లమ్మ చేతులూ నేనూ ఖాళీ అయ్యాం. ఆమె కూతురు యాదమ్మ, మొగుడు పోయాక, సికిందరాబాదుకు పనికి బయలుదేరింది. మల్లమ్మ నన్ను తుడిచి సంచిలో పెట్టింది.

"పట్నంల మెట్లు చీకటిగుంటయట. తీస్కపో" అంది.

ఆమె చెప్పింది నిజమే. రాణిగంజ్‌లో పంపుసెట్ల దుకాణాల వెనక ఒక పాత మేడ. దాని మెట్ల మీద పగలే మసక, పొద్దుగూకితే నేను లేనిదే అడుగు పడదు. మూడో అంతస్తులో యాదమ్మ పని, మిద్దె మీది గదిలో ఆమె కాపురం. పొద్దున వచ్చి వంటింటి మేకుకు నన్ను తగిలించేది, పని అయ్యాక తీసుకుని పైకి వెళ్ళేది.

ఆ ఇంట్లో పెద్ద దిక్కు శిరీన్‌బాయి. అందరూ దాదీ అంటారు. ఆమె కొడుకు ముర్తజా కింద పంపుల దుకాణం నడుపుతాడు. కోడలు తస్నీమ్. ఆడపిల్లలు ఇద్దరు, ఇన్సియా, అర్వా. నేను వెళ్ళేసరికి ఇన్సియాకు ఏడో ఏడు నడుస్తోంది, అర్వా ఇంకా బుడి బుడి అడుగులు వేస్తోంది. వాళ్ళు గుజరాతీ ముస్లింలు. ఇంట్లో మాట్లాడుకునేది గుజరాతీ కలిసిన వాళ్ళ భాష, యాదమ్మతో తెలుగు. నేను రెండూ విని నేర్చుకున్నాను కనుక మీకు అన్నీ తెలుగులోనే చెబుతాను.

మంచి ఇల్లే. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే తప్పవుతుంది. అందరూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. మొదట ఒక్కొక్కరూ చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుంటారు. యాదమ్మకు జ్వరం వస్తే దాదీ స్వయంగా కషాయం కాచి మిద్దె మీదికి పంపేది. ఒకసారి యాదమ్మ గుట్ట జాతరనుంచి దాదీకి రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు తెచ్చింది. దాదీ వాటిని ముట్టుకోనేలేదు.

"ఎర్రవి తే, పసుపువి తే. ఆకుపచ్చ గాజులు ఈ ఇంట్లకు రావద్దు."

"ఏందమ్మా, మీ రంగే గదా పచ్చది" అని యాదమ్మ నవ్వింది.

దాదీ నవ్వలేదు. గాజులు పక్కింటికి పోయాయి. ముసలివాళ్ళకు సవాలక్ష పట్టింపులుంటాయి, ఇదీ ఒకటి అని అందరమూ మరచిపోయాం.

ఇక మొదటి పగలు.

ఆ రోజు ఇన్సియాకు బడి లేదు. పొద్దుననుంచీ ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవలేదు. దాదీ కొత్త బూట్లు కొనిపెట్టింది. అడుగు వేసినప్పుడల్లా మడమ దగ్గర ఎర్రగా, నీలంగా వెలిగే బూట్లు. "నేనూ టార్చినే" అని నా ముందుకొచ్చి గెంతింది. "ఇప్పుడే కాదు, మాసీ వచ్చిపోయాక వేసుకుందువు" అని దాదీ వాటిని డబ్బాలో పెట్టేసింది.

పదకొండింటికి జుబేదా మాసీ అనే పెద్దావిడ చిన్న సంచితో వచ్చింది. దాదీ యాదమ్మను మాంసానికీ పుదీనాకూ బజారుకు పంపుతూ, "నీ టార్చి ఉంచిపో. అల్మారా కింద ఉంగరం పడ్డది" అంది.

నన్ను పడకగదిలోకి తీసుకెళ్ళారు. కిటికీ తలుపులు వేశారు, పరదాలు లాగారు. బయట ఎండ మండిపోతోంది, కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. పెద్దలైటు మాత్రం వెయ్యలేదు. ఎదురింటి వాళ్ళకు కనిపిస్తుందట. మనుషులు చీకటికి భయపడి నన్ను కొనుక్కుంటారు. దాచుకోవలసిన పని పడినప్పుడు చీకటిని వాళ్ళే తయారుచేసుకుని, అందులోకి మళ్ళీ నన్నే తీసుకుపోతారు.

వేడినీళ్ళు, పాత బట్ట, డెటాల్ వాసన, మంచం చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు. నాకు తెలిసిన చదువంతా అక్కడ ఉంది. కాన్పు అనుకున్నాను. ఎవరికి కాన్పు అని వెతికాను. మంచం మీద ఉన్నది ఇన్సియా.

ఇంత చిన్నపిల్లకు కాన్పేమిటి?

నన్ను తస్నీమ్ చేతిలో పెట్టారు. ఆ చెయ్యి మంచుముద్దలా ఉంది. మంచం వైపు తిప్పాల్సిన నన్ను ఆమె గోడ వైపు తిప్పింది. "సరిగ్గా పట్టుకో కోడలా" అంది దాదీ, మెల్లగానే, కసిరినట్టు కాదు. "నీకు చేసినప్పుడు మీ అమ్మ పట్టుకోలేదా? రెండు నిమిషాల పని."

తస్నీమ్ నన్ను మంచం వైపు తిప్పి, తన ముఖాన్ని గోడ వైపు తిప్పుకుంది.

అక్కడ నేను చూసింది మీకు చెప్పను. చూపించడమే నా పని, అయినా అది మాత్రం చూపించను. ఇంతమటుకు చెబుతాను. ఆ పిల్ల దేహంలో ఏ జబ్బూ లేదు, ఏ పుండూ లేదు. దేవుడిచ్చినట్టుగా ఉన్న ఆడపిల్లను, అలా ఉండకూడదని, ఆమెను అందరికంటే ఎక్కువగా ప్రేమించే వాళ్ళే పట్టుకుని కోయించారు. ఒక ఏడుపు వినిపించింది. పాత అలవాటు కొద్దీ నేను నవ్వుల కోసం ఎదురుచూశాను. ఎవరూ నవ్వలేదు. దాదీ అరచెయ్యి ఆ పిల్ల నోటిమీద పడింది.

తస్నీమ్ చేతిలోంచి నేను జారి బండల మీద పడ్డాను. నా అద్దం ఈ చివరినుంచి ఆ చివరికి చిట్లింది. ఆ రోజునుంచి నేను ఎక్కడ వెలుగు వేసినా దాని మధ్యలో ఒక నల్లటి గీత పడుతుంది.

మాసీ సంచి సర్దుకుంటూ "ముబారక్" అంది. దాదీ బూట్ల డబ్బా తెచ్చి మంచం మీద పెట్టింది. ఇన్సియా దాన్ని కాలితో తోసేసింది. అది కిందపడి అల్మారా కిందికి జరిగిపోయింది. ఉంగరం కోసం అని నన్ను అడిగి తీసుకున్నారు కదా. ఆ తర్వాత ఆ అల్మారా కింద ఏముందో ఎవరూ చూడలేదు.

మూడు రోజులు ఇన్సియా మంచం దిగలేదు. నాలుగో రోజు భోజనాల దగ్గర తల్లి పక్కన ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. ఉప్పు వేసుకోలేదు. "ఏంట్రా, అమ్మతో తగువా?" అన్నాడు ముర్తజా. అతనికి నిజంగా తెలియదు. ఆ సంగతులు మగవాళ్ళ చెవిన వెయ్యరు, మగవాళ్ళూ అడగరు.

ఆ సాయంత్రం వంటింట్లో తల్లి ఒక్కతే ఉన్నప్పుడు ఇన్సియా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, టార్చి పట్టుకుంది నువ్వే కదా?"

ఆ పిల్ల జవాబు కోసం కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది. తర్వాత నాలుగేళ్ళపాటు ఆ విషయం గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

రెండు వారాలకు తస్నీమ్ నా పగిలిన అద్దం మీద వేలు పెట్టి, "కొత్తది వేయిస్తాను యాదమ్మా, నా చేతిలోంచే పడింది" అంది.

"అద్దమేముందమ్మా, పోతె పోయింది. గింతదానికి కండ్లల్ల నీళ్ళెందుకు?"

అప్పుడు తస్నీమ్ చెప్పింది. నీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో చెప్పింది, మగపిల్లలకు సున్తీ ఉన్నట్టే తమలో ఆడపిల్లలకూ కోత ఉందని. యాదమ్మకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుంది. అర్థమయ్యాక నన్ను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మా అమ్మ లైటుతోనా?" అంది. తర్వాత, "మా దిక్కు కూడ ఆడపిల్లలకు మస్తు బాధలు పెడతరమ్మా, నేనేం గొప్ప చెప్త లేను. గని గిది... గిది నేనెన్నడు ఇనలే" అంది.

ఆ రోజు యాదమ్మ నా సెల్లులు తీసేసి, చింతపండు పెట్టి రుద్ది రుద్ది తోమింది. మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టింది. నా ఒంటి మీద మురికేమీ లేదు. అయినా నాకు హాయిగా అనిపించింది. ఎండలో పడుకుని నేను మల్లమ్మ మాట గురించే ఆలోచించాను. లైటు పట్టినవాళ్ళకు పుణ్యంలో సగమైతే, ఇప్పుడు తస్నీమ్ వాటాకు వచ్చిందేమిటి? ఆ లైటును నేనే. మరి నా వాటా ఎంత?

తస్నీమ్ కొన్నాళ్ళకు లేసు అల్లే క్లాసులో చేరింది. వాళ్ళ ఆడవాళ్ళు వేసుకునే రిదా అంచులకు కుట్టే లేసు అది. ప్రతి బుధవారం మధ్యాహ్నం వెళ్ళేది. నిజానికి అక్కడ లేసూ లేదు, క్లాసూ లేదు. వాళ్ళ మతశాఖ జమాతుకే చెందిన డాక్టర్ ఫరీదా అనే ఆవిడ ఇంట్లో పదీ పన్నెండు మంది ఆడవాళ్ళు చేరేవారు. తలుపులు వేసుకుని తమకు జరిగింది ఒకరికొకరు చెప్పుకునేవారు. పవిత్ర గ్రంథంలో ఈ మాట ఎక్కడా లేదని ఒక పెద్దావిడ చదివి వినిపించిందట. కాన్పు సమయంలో ఎందుకంత నరకం పడ్డారో ఇద్దరికి అక్కడే తెలిసిందట. ఈ కోత ఆపించమని అర్జీలు రాసేవారు, సంతకాలు మాత్రం ముగ్గురో నలుగురో చేసేవారు. ఇవన్నీ తస్నీమ్ గురువారం పొద్దున కుళాయి తిప్పి యాదమ్మకు చెప్పేది, నేను వినేదాన్ని.

"నాలుగేళ్ళనుంచీ అదే లేసు" అనేది దాదీ, ఆ సగం అల్లిన ముక్కను ఎత్తి చూపిస్తూ. "నా కోడలు దీన్ని నేను పోయాక నా కఫన్‌కైనా అందిస్తుందో లేదో."

అంతా నవ్వేవారు. తస్నీమ్ కూడా.

ఆ నాలుగేళ్ళూ తస్నీమ్ ఒక్కదానికోసమే ఊపిరి బిగబట్టి ఉందని నాకు తెలుసు. అర్వా పెరుగుతోంది. ఏడేళ్ళు నిండగానే ఆ పిల్లనూ ఆ గదిలోకి తీసుకుపోతారు. వంటింట్లో నా మేకుకు ఒక పక్క పంపుల కంపెనీ కేలెండరు, ఇంకో పక్క జమాతు వాళ్ళ చంద్రమాసాల కేలెండరు. తస్నీమ్ కంపెనీ కేలెండరులో మే ముప్ఫై ఒకటో తేదీ కింద పెన్సిలుతో సన్నటి చుక్క పెట్టుకుంది. అర్వా పుట్టినరోజు అది. ఆమె ఆలోచన ఇదీ: మే మొదట్లో మొగుడికి అంతా చెబుతుంది. ఒప్పుకున్నాడా సరే, లేదా సెలవులని చెప్పి పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్ళిపోతుంది.

"మా ఊరికి రాండ్రి. మా అమ్మ ఇంకా గట్టిగనే ఉన్నది. ఎవ్వడొస్తడో చూస్త" అంది యాదమ్మ.

ఆ చుక్క వైపు ఇద్దరూ రోజూ చూసుకునేవారు. రెండో కేలెండరు వైపు ఇద్దరిలో ఎవరూ చూడలేదు. యాదమ్మకు దాని సంగతి తెలియదు. పండగలన్నీ దాన్ని చూసే చేసుకునే తస్నీమ్‌కు, పిల్ల వయసు కూడా అందులోనే లెక్కిస్తారని తట్టలేదు. చంద్రుడి ఏడాది పదకొండు రోజులు పొట్టి. ఏడేళ్ళకు రెండున్నర నెలల తేడా వస్తుంది. దాదీ లెక్కలో అర్వాకు ఏడేళ్ళు నిండింది మార్చి మధ్యలో, ఒక బుధవారం. నాకు తెలిసీ చెప్పలేకపోయాననుకోకండి. నేనూ పెన్సిలు చుక్కనే చూస్తూ కూర్చున్నాను.

ఇది రెండో పగలు.

తస్నీమ్ లేసు సంచి తీసుకుని పన్నెండింటికి వెళ్ళింది. ఒళ్ళు వెచ్చగా ఉందని చెప్పి అర్వాను ఆ పొద్దున దాదీ బడి మాన్పించింది. అరగంటకు దాదీ వంటింట్లోకి వచ్చింది.

"యాదమ్మా, నీ టార్చి ఇటియ్యి. అల్మారా కింద ఉంగరం పడ్డది."

గిన్నె తోముతున్న యాదమ్మ తల ఎత్తింది. నాలుగేళ్ళ కిందటి మాటే, ఒక్క అక్షరం మారలేదు. ముందుగదిలో జుబేదా మాసీ గొంతు వినిపిస్తోంది. "ఫోన్లన్నీ బయట పెట్టించు శిరీన్‌బాయి. ఈ మధ్య ఆడపిల్లలు వీడియోలు తీసి ఊరంతా తిప్పుతున్నారు. నీ టార్చి ఉంటే చాలు." అర్వా గొంతు కూడా వినిపించింది. "ఇవి వెలుగుతాయి, చూడండి మాసీ."

యాదమ్మ నన్ను మేకునుంచి తీసింది. దాదీ అటు తిరగ్గానే నా వెనక మూత విప్పి, మూడు సెల్లులూ చీరకొంగులో ముడేసుకుంది. తర్వాత నా మీట నాలుగుసార్లు టిక్కుటిక్కుమనిపించింది.

"సెల్లులు అయిపోయినయమ్మా."

"పోయి తే. జల్ది రా."

"దుకాణపాయన దీన్ని జూసి సరిపోయేటియి ఇస్తడు, లైటు కూడ తీస్కపోత" అని, నన్ను పట్టుకుని దాదాపు దొర్లినట్టే మెట్లు దిగింది. వీధి చివర నిలబడి తస్నీమ్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేసింది. డాక్టర్ ఫరీదా ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఫోన్లు సంచుల్లో పెట్టేస్తారు. ముర్తజా దుకాణం ముందుకు వెళ్ళింది. అతను సరుకు కోసం వెళ్ళాడన్నారు. యాదమ్మ మెట్ల మొదట్లో కూర్చుండిపోయింది. ఆలస్యమైతే వాళ్ళు ఇంకో టార్చి తెప్పించుకుంటారు. పిల్లను ఎత్తుకొస్తే పనిమనిషి పిల్లను ఎత్తుకుపోయిందని పోలీసులొస్తారు. ఆమె చేతి చెమటకు నా ఒళ్ళంతా తడిసింది.

అప్పుడు బడి సంచి భుజాన వేసుకుని ఇన్సియా వచ్చింది. ఆ రోజునుంచే ఒంటిపూట బడులు మొదలయ్యాయి. దాదీకి ఆ సంగతి గుర్తులేదు.

"ఇక్కడ కూర్చున్నావేం?"

"బిడ్డా" అంది యాదమ్మ. "మీ దాదీ సెల్లులు తెమ్మన్నది. మాసీ వచ్చింది."

ఇన్సియాకు అప్పటికి పన్నెండో ఏడు. తరగతిలో పేరు పిలిస్తే పలకడానికి కూడా సిగ్గుపడే పిల్ల. చెయ్యి చాపింది. యాదమ్మ కొంగుముడి విప్పి మూడు సెల్లులూ ఇచ్చింది. ఇన్సియా ఒక్కొక్కటే నాలో వేసి, మూత బిగించి, నన్ను పట్టుకుని మూడు అంతస్తులు ఎక్కింది.

పరదాలు అప్పటికే లాగి ఉన్నాయి. వేడినీళ్ళు, పాత బట్ట. అర్వా మంచం అంచున కూర్చుని కొత్త బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"నువ్వేంటి, ఇంత తొందరగా?" అంది దాదీ. "టార్చి ఇచ్చి అవతలికి వెళ్ళు."

ఇన్సియా వెళ్ళలేదు. నేల మీద బోర్లా పడుకుని నన్ను అల్మారా కింద వెలిగించింది. నా వెలుగూ, దాని మధ్యలోని నల్లగీతా ధూళి మీద పడ్డాయి. చెయ్యి దూర్చి ఒక డబ్బాను బయటికి లాగింది. మూత తీసింది.

"దీదీ, నీకూ ఉన్నాయా?" అంది అర్వా సంబరంగా. "ఎందుకు వేసుకోలేదు?"

ఇన్సియా ఒక బూటును నేల మీద కొట్టింది. వెలగలేదు. రెండోది కొట్టింది. ఒక్క ఎర్రచుక్క వణికి ఆరిపోయింది.

"ఇవి ఇస్తామని నన్ను ఆ మంచం మీద పడుకోబెట్టారు" అంది చెల్లెలితో. గొంతు ఎంత చిన్నగా ఉందంటే ఫ్యాను చప్పుడు కూడా అడ్డమే. "నన్ను కోశారు. చాలా నొప్పి పెట్టింది. లేస్తానన్నా లేవనివ్వలేదు. ఇప్పటికీ ఎవరైనా నా వెనక తలుపు వేస్తే నాకు చెమటలు పడతాయి."

అర్వా ఒళ్ళోని బూట్లను మెల్లగా పక్కన పెట్టింది.

"పిల్లను భయపెట్టకు" అంది మాసీ.

"నాకు చెయ్యలేదా?" అంది దాదీ. "మీ అమ్మకు చెయ్యలేదా? మేమంతా బతికే ఉన్నాం కదా. సంసారాలు చెయ్యలేదా, పిల్లల్ని కనలేదా?"

ఇన్సియా లేచి నిలబడింది. నేను ఇంకా ఆమె చేతిలో వెలుగుతూనే ఉన్నాను.

"దాదీ, మీకేమిచ్చారు?"

"ఏంటి?"

"నాకు బూట్లిచ్చారు. అమ్మకు బొమ్మ ఇచ్చారట, కళ్ళు మూసి తెరిచే బొమ్మ, వంటింట్లో చెబుతుంటే విన్నాను. మీకేమిచ్చారు?"

దాదీ కోపంగా నోరు తెరిచింది. ఆమె కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమ మణికట్టును పట్టుకుంది. నేను చేతులు చూసే వస్తువునని ముందే చెప్పాను. డెబ్బై ఏళ్ళ ఆ చెయ్యి, ఏడేళ్ళ పిల్ల చెయ్యిలా తన మణికట్టును తడుముకుంది.

"గాజులు" అంది చివరికి.

"ఏ రంగువి దాదీ?" అంది అర్వా.

దాదీ చెప్పలేదు. వెనకే ఎక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాసీ గొంతు సవరించుకుని, "శిరీన్‌బాయి, నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది.

"పోనియ్" అంది దాదీ. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా, "యాదమ్మా, పరదాలు తియ్యి" అంది.

ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ఆ ఎండలో నేను వెలుగుతున్నానో లేదో కూడా తెలియలేదు. ఇన్సియా నా మీట ఆపింది.

పదకొండుసార్లు మోగిన ఫోను చూసుకుని తస్నీమ్ చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అర్వా సోఫాలో కూర్చుని బిస్కెట్టు తింటోంది. తస్నీమ్ ఆ పిల్ల ఒళ్ళంతా తడిమి చూసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి రెండు కేలెండర్లనూ ఒకదాని తర్వాత ఒకటి చూసి, వేళ్ళమీద లెక్కపెట్టి, నా ఖాళీ మేకు కింద నేలమీద కూర్చుంది. ఇన్సియా వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నాలుగేళ్ళు దాటాక ఆ రాత్రి పళ్ళెం దగ్గర ఆ పిల్ల తల్లి పక్కకు వచ్చి, చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకుంది.

దాదీ మారిపోయిందని నేను చెప్పను. ఆచారం ఆచారమే అని ఇప్పటికీ అంటుంది. కోడలితో మూడు నెలలు మాట్లాడలేదు. జమాతులో కొందరు వీళ్ళను విందులకు పిలవడం మానేశారు. ముర్తజా విషయం తెలిసిన రోజున దుకాణం తెరవలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "నువ్వెప్పుడైనా అడిగావా?" అంది తస్నీమ్. అతను మళ్ళీ ఆ ప్రశ్న వెయ్యలేదు. ఇంతమటుకు నిజం. ఆ తర్వాత ఒక బంధువు తన మనవరాలి కోసం దాదీని తోడు రమ్మంటే, "నాకు కళ్ళు సరిగ్గా కనపడటంలేదు" అని పంపించేసింది. అదే పూట దాదీ బియ్యంలో రాళ్ళు ఏరడం నేను చూశాను.

ఇప్పుడు నేను యాదమ్మ దగ్గర లేను. డాక్టర్ ఫరీదా ఇంటి ముందుగదిలో ఒక పొడవాటి బల్ల ఉంది. ఆ ఆడవాళ్ళు తమకు చిన్నప్పుడు ఇచ్చినవన్నీ తెచ్చి దానిమీద పెట్టారు. కళ్ళు మూసి తెరిచే బొమ్మ, దాచిపెట్టిన చాక్లెట్టు కాగితం, జరీ గౌను, రంగుపెన్సిళ్ళ డబ్బా, వెలగని బూట్లు. ఇప్పుడు బుధవారాల్లో తలుపులు తీసే ఉంటాయి. కొత్తగా పెళ్ళైన అమ్మాయిలు వస్తారు, ఆడపిల్లల తల్లులు వస్తారు. బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగేసరికి చాలామందికి తమ వస్తువు గుర్తొస్తుంది.

నన్ను ఇవ్వమని తస్నీమ్ అడిగినప్పుడు యాదమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఊరికి వెళ్ళి తల్లిని అడిగింది. మల్లమ్మకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. రెండుసార్లు చెప్పించుకుందట. "ఇయ్యి. గని నేను నూరు కాన్పులు చేసిన లైటని కూడ చెప్పుమను" అందట. చెప్పారు. నా పక్కన రాసి పెట్టారు.

ప్రతి వస్తువు ముందూ ఒక అట్టముక్క ఉంటుంది. ఎవరిది, ఎన్నో ఏట, ఏమని చెప్పి ఇచ్చారు అని. నా ముందు అట్టమీద ఏం రాయాలని చాలాసేపు మాట్లాడుకున్నారు. 'ఇన్సియాకు కోత జరిగినప్పుడు వాడిన టార్చి' అని రాద్దామంది ఒకావిడ. ఇన్సియా తల అడ్డంగా ఊపింది. తస్నీమ్ కలం తీసుకుని తనే రాసింది. కింద తన పూర్తి పేరు పెట్టింది. అర్జీల మీద పెట్టడానికి నాలుగేళ్ళు భయపడిన పేరు అది.

'దీన్ని పట్టుకున్నది నేను.'

చూడటానికి వచ్చినవాళ్ళు అది చదివి, ఇక నన్ను చూడరు. తమ చేతులకేసి చూసుకుంటారు.